ఇల్లు అమ్మే ముందు లోపలి రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు అమ్మకానికి పెడుతున్నామని చెప్పేవాళ్లు ఆ వెంటనే అడిగేది రంగుల సంగతే. అవే సందేహాలు, అదే టెన్షన్. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. పని ఏ దశలో ఉంటే ఆ దశ ప్రశ్నలు చూసుకోండి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది.

## రంగు వేయించాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు

కొన్నవాళ్లు ఎలాగూ తమకు నచ్చిన రంగే వేసుకుంటారు కదా, మనం ఎందుకు వేయించాలి?

వేసుకుంటారు, నిజమే. కానీ ఆ ఖర్చును ముందే మీ ధరలోంచి తీసేసి చూస్తారు, అదీ అసలయ్యే దానికంటే ఎక్కువగా ఊహించుకుని. పైగా మాసిన గోడ చూసినవాడి ఆలోచన గోడ దగ్గరే ఆగదు. "గోడలే పట్టించుకోనివాళ్లు పైపులు, వైరింగు ఏం పట్టించుకుని ఉంటారు?" అన్న అనుమానం మొదలవుతుంది. కొత్త రంగు ఇంటిని అమ్మిపెట్టదు. బేరమాడేవాడి చేతిలోంచి ఒక సాకు లాగేస్తుంది, అంతే.

మా ఇంటి రంగులు బాగున్నాయని వచ్చినవాళ్లంతా అంటారు. మార్చాలా?

చుట్టాలు మెచ్చుకునేది మిమ్మల్ని. కొనేవాళ్లు చూసేది గోడని. మీ ఇంటితో ఏ సంబంధమూ లేని ఒకరిని పిలిచి ఇల్లంతా తిప్పండి. బయటికొచ్చాక "ఏం గుర్తుంది?" అని అడగండి. వెలుతురు, హాలు సైజు, కిటికీ గురించి చెబితే రంగులు సరిపోయినట్టే. మొదట చెప్పింది గోడ రంగు గురించే అయితే, అది పొగడ్తే అయినా సరే, మార్చాల్సిందే.

బడ్జెట్ తక్కువ. అన్ని గదులూ వేయించలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

తలుపు తీయగానే కనబడే చోట. ముందు గుమ్మంలో కదలకుండా నిలబడి ఎన్ని గోడలు కంటికి ఆనుతాయో లెక్కపెట్టండి. అవన్నీ ఒకేసారి వేయించాలి, ఎందుకంటే కొత్త గోడ పక్కన పాత గోడ నిన్నటికంటే పాతగా కనిపిస్తుంది. ఆ తర్వాత పెద్ద పడకగది, ఆపైన వంటగది. స్టోర్ రూమ్ లాంటివి కడిగి వదిలేయొచ్చు. ఏ గదైనా ఘాటైన రంగులో ఉంటే మాత్రం వరసలో దాన్ని ముందుకు తెచ్చుకోండి. లేకపోతే చూసి వెళ్లినవాళ్లకు మీది "ఆ వంగపండు రంగు గది ఉన్న ఇల్లు" గానే గుర్తుండిపోతుంది.

కొత్త రంగు లేకుండా కడిగించి, మరకల మీద టచప్ చేయిస్తే చాలదా?

కడగడం వరకు చాలాసార్లు చాలు. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి స్పాంజి. కింది నుంచి పైకి కడిగితే చారలు పడవు. మెరుపు లేని మ్యాట్ రంగుని మాత్రం గట్టిగా రుద్దకండి, రుద్దిన చోట మెరుపొచ్చి ఇంకో మరకలా మిగులుతుంది. టచప్‌తోనే తంటా. డబ్బాలో మిగిలిన రంగు అదే అయినా, గోడ మీది రంగు ఇన్నేళ్లలో వెలిసి ఉంటుంది. పక్క నుంచి వెలుతురు పడగానే అతుకులన్నీ కనబడతాయి. వేస్తే ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తం వేయించండి.

ఫలానా రంగు వేస్తే ఎక్కువ ధర వస్తుందని పరిశోధనలు ఉన్నాయట, నిజమేనా?

ఉన్నాయి, కానీ జాగ్రత్తగా చదవాలి. ఎక్కువగా ప్రచారమైంది అమెరికాలోని జిల్లో అనే ఇళ్ల వెబ్‌సైట్ 2017లో ఇచ్చిన విశ్లేషణ. అమ్ముడైన ఇళ్ల ఫోటోలు 32,000కు పైగా చూసి, నీలం ఛాయల బాత్‌రూములున్న ఇళ్లు అంచనా వేసిన ధరకంటే ఎక్కువ పలికాయని తేల్చారు. మరుసటి ఏడాది నల్లని ముందు తలుపుల గురించి అలాంటి మాటే చెప్పారు. బాత్‌రూముకు ఆలోచించి నీలం వేయించినవాళ్లు కుళాయిలు, అద్దం, లైట్లు కూడా మార్చి ఉండొచ్చు కదా? ధర పెంచింది రంగా, ఆ శ్రద్ధా అన్నది ఫోటోల లెక్క తేల్చలేదు. రంగు పేరు చూసి పరిగెత్తకండి.

## షేడ్ ఎంచుకునేటప్పుడు

తెలుపు వేసేస్తే ఏ గొడవా ఉండదు కదా?

నేనూ అలాగే అనుకున్నాను. మా పాత ఇల్లు అమ్మేటప్పుడు షేడ్ కార్డులో చూసి ఒక తెలుపు ఎంచుకున్నాను, పొద్దున చూస్తే చక్కగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఎర్రటి గచ్చు మీద ఎండ పడి గోడల మీదికి తిరిగింది. హాలు హాలంతా లేత గులాబీ! చూడ్డానికి వచ్చినామె "గులాబీ రంగు మార్చుకోవాలి" అని భర్తతో అనడం నా చెవినే పడింది. తెలుపుల్లో పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ, ఏదో ఒక రంగు లోలోపల ఉంటుంది. ప్రింటర్ కాగితం పక్కన షేడ్ ముక్క పెట్టి చూడండి, దాక్కున్న రంగు బయటపడుతుంది.

ఇంకో సంగతి. వెలుతురు తక్కువున్న గదిలో పాలలాంటి తెలుపు వేస్తే గది వెలగదు, గోడ బూడిద రంగులోకి దిగి మురికిగా కనిపిస్తుంది. తెలుపు తనకు తానుగా వెలుతురు పుట్టించదు, పడిన వెలుతురునే తిప్పికొడుతుంది.

న్యూట్రల్ రంగులు వేయమంటారు. అంటే ఖచ్చితంగా ఏవి?

చూసినవాడికి నచ్చడం, నచ్చకపోవడం అన్న ఆలోచనే రానివ్వని రంగులు. ఐవరీ, బాగా పలచన చేసిన గంధం రంగు, లేత బూడిద, బూడిదకూ లేత గోధుమ రంగుకూ మధ్య ఉండేవి. అతి లేత ఆకుపచ్చ కూడా పడకగదికి పనికొస్తుంది. ఇంట్లో చెక్క పని, నేల వెచ్చని రంగుల్లో ఉంటే ఐవరీ వైపు, చల్లని బూడిద రంగుల్లో ఉంటే లేత బూడిద వైపు జరగండి. అయితే గోడ, నేల, కర్టెన్లు అన్నీ బూడిద రంగే అయితే ఇల్లు ఆఫీసులా అనిపిస్తుంది.

షేడ్ వివరాల్లో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంది. అదేంటి?

గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత వంతు తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100, మిగతావన్నీ ఆ మధ్యలో. అమ్మే ఇంటి గోడలకు నేను 60 నుంచి 80 మధ్య చూసుకుంటాను. 50 దాటి కిందికి వెళ్తే మామూలు గది పగలే లైటు అడుగుతుంది. సీలింగ్‌కు 85 పైన ఉంటే మంచిది. రెండు షేడ్ల మధ్య తేల్చుకోలేకపోతున్నప్పుడు, కిటికీ చిన్నగా ఉన్న గదికి అంకె ఎక్కువున్నది తీసుకోండి.

షేడ్ కార్డులో ఒకలా ఉంది, గోడ మీద ఇంకోలా ఉంది. దుకాణంవాళ్లు తప్పు కలిపారా?

సాధారణంగా కాదు. కార్డు మీది ముక్క గోరంత, గోడ గదంత. నాలుగు గోడలూ ఒకదాని వెలుతురు ఒకదాని మీదికి విసురుకుంటూ రంగుని చిక్కబరుస్తాయి. అందుకే నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోమంటారు.

రెండో కారణం పక్కనున్న రంగు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల బాధ్యత 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు అప్పగించారు. నలుపు దారం వెలిసినట్టుందని ఫిర్యాదు. పరీక్షిస్తే రంగులో లోపమేమీ లేదు, పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోందని తేలింది. మీ గోడకూ అంతే. ఆకుపచ్చ కర్టెన్ పక్కన అదే ఐవరీ కాస్త ఎర్రబారినట్టుంటుంది. కర్టెన్ తీసి చూసి, అప్పుడు దుకాణానికి వెళ్లాలో వద్దో తేల్చుకోండి.

శాంపిల్ ఎలా చూడాలి? గోడ మీద నాలుగు రంగులు పక్కపక్కన వేయించాను, ఏమీ అర్థం కావట్లేదు.

అర్థం కాదు. చుట్టూ పాత రంగు, పక్కన మూడు కొత్తవి, కన్ను దేన్నీ విడిగా చూడలేదు. పెద్ద తెల్ల అట్ట కొని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కో రంగు, రెండు కోట్లు వేయండి. చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తెలుపు వదలండి. అట్టని చేతిలో పట్టుకోకుండా గోడకు నిలబెట్టండి. బల్ల మీద పడుకోబెట్టినప్పటి వెలుతురు వేరు, నిలబడిన గోడ మీద వెలుతురు వేరు. కిటికీ పక్కన ఒకసారి, కిటికీకి దూరంగా ఉన్న మూలలో ఒకసారి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక. నేలకు ఆనించి తప్పకుండా చూడండి, గోడా నేలా కలిసే గీత దగ్గరే సరిపడని రంగు దొరికిపోతుంది. ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే గోడ రంగు, తడి మీద లేతగా ఉండి ఆరాక కాస్త ముదురుతుంది, అందుకే ఆరకముందు ఏమీ నిర్ణయించుకోకండి.

ఉత్తరం వైపు గదికీ దక్షిణం వైపు గదికీ ఒకే రంగు వేయొచ్చా?

వేయొచ్చు, ఒకేలా మాత్రం కనిపించదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లో ఉత్తరం కిటికీలోంచి నేరు ఎండ తక్కువ, ఆకాశం నుంచి వచ్చే నీలపు వెలుతురే ఎక్కువ. లేత బూడిద అక్కడ నీలంగా, దిగులుగా మారుతుంది. కొంచెం పసుపు, గోధుమ ఛాయ ఉన్నవి ఆ గదిని నిలబెడతాయి. దక్షిణం గది దేన్నైనా భరిస్తుంది. తూర్పు గది పొద్దున వెచ్చగా, సాయంత్రం చల్లగా ఉంటుంది, పడమర గదిది దానికి తలకిందులు. కొనేవాళ్లు ఎక్కువగా ఏ వేళకు వస్తారో ఆ వేళకు బాగున్న రంగుకే ఓటెయ్యండి.

నేల, వంటగది గట్టు మార్చలేం. వాటికి రంగు ఎలా కలపాలి?

కలపాల్సిన పద్ధతే అది, మార్చలేనివాటి దగ్గర మొదలుపెట్టడం. గట్టు రాయిని దగ్గరగా చూడండి. దూరం నుంచి నల్లగా ఉన్నా అందులో చిన్న చిన్న చుక్కలుంటాయి, కొన్ని గోధుమ రంగువి, కొన్ని తెల్లవి. అన్నిటికంటే లేత చుక్క రంగుని గోడకు తీసుకుంటే రెండూ అనుకుని చేసినట్టుంటాయి. పాత టైల్స్ పసుపు తిరిగి ఉంటే పక్కన చల్లని బూడిదా, మిలమిలలాడే తెలుపూ వేయకండి, పోల్చి చూపించి ఆ పసుపుని ఇంకా పాతగా చేస్తాయి. అదే వెచ్చని ఐవరీ అయితే టైల్స్ కూడా ఉద్దేశపూర్వకంగా పెట్టినట్టు కలిసిపోతాయి.

ఇల్లంతా ఒకే రంగు వేస్తే బోసిగా ఉండదా?

చిన్న ఇంటికి ఒకే రంగు లాభమే. గుమ్మం దాటిన ప్రతిసారీ రంగు మారితే ఇల్లు ముక్కలుముక్కలుగా, చిన్నగా అనిపిస్తుంది. హాలు, నడవా, వంటగది ఒకే రంగులో ఉంచి, పడకగదులకు అదే షేడ్‌ను సగం గాఢతతో కలిపించుకోవచ్చు, దుకాణంలో అడిగితే కలుపుతారు. మిగతా అందం దిండు గలీబులు, కర్టెన్లు, ఒకటి రెండు మొక్కలు చూసుకుంటాయి.

ఒక గోడకు మాత్రం ముదురు రంగు వేయిద్దామనుకుంటున్నా. పర్వాలేదా?

ఉంటున్న ఇంట్లో ఎంత సరదా అయినా చేసుకోండి. అమ్మే ఇంట్లో, వద్దనే చెబుతాను. ఒప్పుకునే సందర్భం ఒక్కటే. పొడవుగా, ఇరుకుగా ఉన్న గదిలో చివరి గోడ ఒక్కటి కొంచెం ముదురు చేస్తే అది దగ్గరికొచ్చినట్టు కనిపించి గది ఆకారం సరవుతుంది. నెమలికంఠం రంగు, చిలకపచ్చ లాంటివి అప్పుడు కూడా వద్దు. మీ ప్రధాన రంగుకే రెండు మెట్లు ముదురు చాలు.

## గది గదికీ వచ్చే సందేహాలు

పిల్లల గదిలో బొమ్మలు, మబ్బులు వేయించాం. తీసేయాలా?

తీసేయడమే మంచిది, మనసొప్పకపోయినా. పిల్లలు లేనివాళ్లు ఆ గదిని తమ ఆఫీసు గదిగా ఊహించుకోలేరు. ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

కిటికీ లేని చిన్న బాత్‌రూముకు ఏ రంగు?

టైల్స్‌లో ఉన్న లేత రంగే పైన గోడకూ తీసుకోండి. టైల్ అయిపోయి గోడ మొదలయ్యే గీత ఎంత తక్కువ కనిపిస్తే గది అంత ఎత్తుగా అనిపిస్తుంది. బూజు పట్టని, తేమ తట్టుకునే రకం ఎమల్షన్ అడగండి. నిజానికి ఇక్కడ రంగుకంటే ముఖ్యం టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌటు, అది నల్లబడి ఉంటే. దాన్ని తీసి కొత్తది వేయిస్తే సగం పని అయిపోయినట్టే.

సీలింగ్‌ని వదిలేయొచ్చా?

ఫ్యాను చుట్టూ నల్లటి వలయం లేకపోతే వదిలేయండి. ఉంటే మాత్రం కొత్త గోడల మధ్య అదొక్కటే కనబడుతుంది. మెరుపు లేని మ్యాట్ తెలుపు వేయించండి. ఎత్తు తక్కువున్న గదిలో గోడ రంగుకూ సీలింగ్‌కూ తేడా తక్కువుంటే గది ఎత్తు పెరిగినట్టుంటుంది.

వంటగది అలమరాలు ముదురు చెక్క రంగులో ఉన్నాయి. వాటికీ రంగు వేయించాలా?

తలుపులు సరిగా మూసుకుంటూ, గట్టిగా ఉంటే గోడని లేతగా ఉంచి పిడులు మార్చండి చాలు. అలమరాలకు రంగు వేయడం తేలికైన పని కాదు. జిడ్డు పూర్తిగా పోగొట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు పట్టుకునేలా ముందు వేసే పూత, అంటే ప్రైమర్, వేయకపోతే గోరు తగిలిన చోటల్లా ఊడుతుంది. హడావిడిగా వేసిన అలమరా పాత అలమరాకంటే అధ్వాన్నం.

## పని జరుగుతున్నప్పుడు

మ్యాట్ వేయించాలా, మెరిసేది వేయించాలా?

గోడ సాఫీగా లేకపోతే మ్యాట్. మెరుపు ఉన్న రంగు ప్రతి గుంటనీ, లప్పం పెట్టిన ప్రతి అతుకునీ పట్టి చూపిస్తుంది. నడవాకు, వంటగదికి, మరకలు తుడిస్తే పోయే, కొద్దిపాటి మెరుపున్న శాటిన్ రకం. తలుపులకు, కిటికీ చట్రాలకు ఇంకాస్త మెరుపు పర్వాలేదు.

ముదురు ఎరుపు గోడ మీద ఐవరీ వేయాలి. ఎన్ని కోట్లు పడుతుంది?

నేరుగా వేస్తే మూడు, నాలుగు కోట్లు వేసినా లోపలి ఎరుపు తొంగిచూస్తూనే ఉంటుంది. ముందు గోడని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, తెల్ల ప్రైమర్ వేయించండి. ఆ పైన రెండు కోట్లు సరిపోతాయి. "ప్రైమర్ ఎందుకండీ, దండగ" అనే పెయింటర్‌తో అక్కడే కాస్త గట్టిగా ఉండాలి.

ఎన్ని లీటర్లు పడుతుందో నేనే లెక్కేసుకోవచ్చా?

సాఫీ గోడ మీద లీటరు రంగు ఒక కోటుకు సుమారు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది. 4 మీటర్లకు 3.5 మీటర్ల గది, ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 15, ఎత్తుతో గుణిస్తే 45 చదరపు మీటర్లు. తలుపు, కిటికీకి 4 తీసేస్తే 41. రెండు కోట్లకు 82. లీటరుకు 10 చొప్పున చూస్తే ఎనిమిది లీటర్ల చిల్లర, తొమ్మిది తెచ్చుకుంటే నిశ్చింత. ఒకటికంటే ఎక్కువ డబ్బాలైతే అన్నీ పెద్ద బకెట్‌లో కలిపేసి వాడమనండి, డబ్బాకీ డబ్బాకీ ఉండే చిన్న తేడా గోడ మధ్యలో బయటపడకుండా ఉంటుంది.

చెమ్మ మరక ఉంది. రంగుతో కప్పేస్తే కనబడదు కదా?

కొన్నాళ్లు కనబడదు. తర్వాత అదే చోట, అదే ఆకారంలో, పసుపు అంచుతో పైకొస్తుంది, ఎందుకంటే నీళ్లతో కలిసే ఎమల్షన్ ఆ మరకని తనలోకి పీల్చుకుంటుంది. ముందు లీకు కట్టించాలి, గోడ పూర్తిగా ఆరాలి, పెచ్చులు గీకించి, మరకని ఆపే ప్రైమర్ వేయించి, అప్పుడు రంగు. లోపం తెలిసి రంగు కింద దాచడం తప్పు. చాలాచోట్ల చట్టం కూడా తెలిసిన లోపాలు చెప్పి తీరాలంటుంది. రిపేరు చేయించిన బిల్లు చూపిస్తే కొనేవాళ్లకు నమ్మకమే పెరుగుతుంది.

పెయింటర్ పని అయిపోయిందంటున్నాడు. డబ్బులిచ్చే ముందు ఏం చూడాలి?

గోడ మధ్యలో కాదు, అంచుల్లో చూడండి. స్విచ్‌బోర్డు చుట్టూ రంగు మరకలు, తలుపు బందుల మీద చుక్కలు, కిటికీ అద్దం మీద గీతలు, సీలింగూ గోడా కలిసే చోట వంకర గీత. తర్వాత చీకటి పడ్డాక ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కగా వేయండి. రోలర్ దాటేసిన చోట్లన్నీ నీడలు పడతాయి. కొనేవాడు స్విచ్ వెతుక్కుంటూ సరిగ్గా ఆ బోర్డు దగ్గరికే చేతిని తీసుకెళ్తాడు మరి.

## ఫోటోలు తీసి, ఇల్లు చూపించేటప్పుడు

రంగు వేశాక ఎన్ని రోజులకు చూపించడం మొదలుపెట్టాలి?

ఎమల్షన్ తాకితే అంటకుండా కొన్ని గంటల్లోనే ఆరుతుంది. పూర్తిగా గట్టిపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వాసన పోవడానికి కిటికీలు తెరిచి కనీసం వారం ఉంచండి. తాజా రంగు వాసన కొందరికి "ఏం కప్పెట్టారో" అన్న అనుమానం తెస్తుంది. రూమ్ ఫ్రెషనర్ కొట్టి ఆ అనుమానాన్ని రెట్టింపు చేయకండి.

ఫోటోల్లో గోడలు పసుపుగా వస్తున్నాయి. రంగు తప్పా?

బల్బుల తప్పు. బల్బు వెలుతురు ఏ రంగులో ఉంటుందో చెప్పే అంకె కెల్విన్. 2700 కెల్విన్ బల్బు పసుపు వెలుగిస్తుంది, 6500 కెల్విన్ ట్యూబు నీలం. కిటికీ వెలుతురుతో పాటు ఈ రెండూ ఒకే గదిలో ఉంటే కెమెరా దేన్ని తెలుపనుకోవాలో తేల్చుకోలేదు. ఫోటో పగలు, లైట్లు ఆపి తీయండి. ఇల్లు చూపించడానికి మాత్రం అన్ని గదుల్లోనూ ఒకే రకం బల్బులు పెట్టండి, 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య అయితే గోడకూ మొహానికీ రెంటికీ బాగుంటుంది. ఎడిటింగ్‌లో గోడని మరీ తెల్లగా మార్చితే ఇంటికొచ్చినవాళ్లు గుమ్మంలోనే నిరాశపడతారు.

ఇల్లు కొన్నవాళ్లు షేడ్ పేరు అడుగుతున్నారు. నాకు గుర్తులేదు, ఏం చేయాలి?

డబ్బా మీది స్టిక్కర్‌లో షేడ్ కోడ్, బేస్ (రంగు కలపడానికి వాడిన మూల పెయింటు) వివరాలు ఉంటాయి, ఫోటో తీసి పంపండి. డబ్బా పారేసి ఉంటే స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి, వెనక నుంచి గోరంత పెచ్చు తీసిస్తే దుకాణంలో మెషీన్‌తో దగ్గరి షేడ్ పట్టేస్తారు. ఇంకా పని జరుగుతున్నవాళ్లు మాత్రం, మిగిలిన రంగుని చిన్న డబ్బాలో పోసి, మూత మీద ఆ రంగుదే ఒక చుక్క పెట్టి, గది పేరు, తేదీ రాసి అటక మీద పెట్టండి. తాళాలతో పాటు అదీ అప్పజెప్పొచ్చు.